అద్దాల మేడలో నల్లని పొద్దుతిరుగుడు

మా ఆఫీసు లాబీలో, లిఫ్టుల పక్క గోడ మీద ఒక నలుపుతెలుపు పొద్దుతిరుగుడు పువ్వు ఫొటో ఉంది. కింద ఇత్తడి రేకు మీద నా పేరు చెక్కించారు. మొన్న కొత్తగా చేరిన ఒకమ్మాయి దాని ముందు ఆగి, ఇదంతా మీరొక్కరే చేశారా సార్ అని అడిగింది. లిఫ్టు వచ్చేసింది కనుక అవునని చెప్పి ఎక్కేశాను. ఆరో అంతస్తు చేరేలోపే ఆ 'అవును' అబద్ధమని నాకు నేనే ఒప్పుకున్నాను. ఆ ఫొటోకి ఎడమవైపు నాలుగు వేళ్ల మేర ఫ్రేము కట్టినవాళ్లు కత్తిరించేశారు. కత్తిరించిన ముక్కలో ఏముందో నేను రాసిపెట్టకపోతే ఇంకెవరూ రాయరు. అందుకే ఇది.

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఏడెనిమిదేళ్ల కిందటి మాట. హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం, మూసాపేటలో హాస్టల్ గది, హాస్టల్ సందు చివర ఓ చిన్న గ్రంథాలయం. సెలవురోజుల్లో తోటివాళ్లంతా మాల్స్‌కి పోతే నేను అక్కడ కూర్చుని దొరికిందల్లా చదివేవాణ్ణి. (నన్ను చూడగానే గ్రంథపాలకుడు గారు లేచి ఫ్యాను వేసేవారు. జీవితంలో నాకు దక్కిన మొదటి హోదా అదే.) అలా ఒకరోజు, ఎవరో విరాళమిచ్చిన, అట్ట ఊడిపోయిన ఫొటోగ్రఫీ పుస్తకంలో అతినీలలోహిత కాంతి గురించిన అధ్యాయం కంటబడింది. మన కంటికి ఆనని ఆ వెలుగు తేనెటీగకు కనిపిస్తుందట. మనకు ఒట్టి పసుపుగా కనిపించే పువ్వు మీద దానికి వేరే ముగ్గు కనిపిస్తుందట. ఆ ముగ్గును ఫొటో తీయవచ్చట. రెండు నోటుపుస్తకాలు నింపేశాను. మర్నాటి నుంచి క్యాంటీన్లో నా పక్కన కూర్చున్నవాళ్లకు పప్పుతో పాటు తేనెటీగ కంటిని కూడా వడ్డించాను. పదిహేను రోజుల్లో నాకు బల్ల మొత్తం ఖాళీగా దొరకసాగింది.

మామూలు లెన్సుల గాజూ, దాని మీది పూతలూ ఈ కాంతిని చాలావరకు మింగేస్తాయి. ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసి రెండు గీతలు గీసుకున్నాను. (ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది. నేను గుర్తుంచుకోలేదు.) ఈ కాంతిని తక్కువ మింగే లెన్సు కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతలో వారాల తరబడి తిరిగి, పూర్వం స్టూడియోల్లో నెగెటివ్ నుంచి ఫొటోను పెద్దది చేసే యంత్రానికి ఉండే చిట్టి లెన్సు ఒకటి సంపాదించాను. అమ్మిన పెద్దాయనే, ఇది కెమెరాకు పనికిరాదు సాబ్, జర సోచాయించు అని, ఆలోచించుకోమని హెచ్చరించాడు. మా టీములో స్క్రూడ్రైవర్ అని పిలిచే మిత్రుడు నా పాత కెమెరా విప్పి, సెన్సర్ ముందు ఇలాంటి కాంతిని ఆపే గాజుబిళ్లను తీసేసి, మళ్లీ బిగించాడు. రెండు స్క్రూలు మిగిలాయి. అవి అదనంగా ఇచ్చి ఉంటారన్నాడు. లెన్సుకీ కెమెరాకీ మధ్య హార్మోనియం తిత్తిలాంటి మడతల గొట్టం, ముందు పలకలాంటి నల్లటి ఫిల్టరు. ఆ ఫిల్టరు మిగతా వెలుగునంతా ఆపేసి అతినీలలోహితాన్ని మాత్రమే లోపలికి వదులుతుంది. దాన్ని కంటికి అడ్డం పెట్టుకుంటే మధ్యాహ్నం కూడా ఏమీ కనిపించదు. స్క్రూడ్రైవర్ అందులోంచి చూసి, ప్రాజెక్టు భవిష్యత్తు బాగా కనిపిస్తోందన్నాడు.

సరిగ్గా అప్పుడే పూలక్క కష్టం వచ్చిపడింది. పూలక్క అంటే మా క్యాంపస్‌లో తోటపని చేసే ఆవిడ, వికారాబాద్ వైపు నుంచి వచ్చింది. క్యాంటీన్ వెనక చెత్తా చెదారం పడేసే మూలను తనంతట తనే బాగుచేసి, ఇంటి నుంచి గింజలు తెచ్చి పొద్దుతిరుగుడు వేసింది. అవి విరగబూసిన వారమే, ఆ మూల కూడా చదును చేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తామని క్యాంపస్ పనులు చూసే మేనేజర్ గారు చెప్పారు. ఆయన భీమవరం మనిషి, మాట మెత్తన, కానీ పచ్చగా ఉంటూ నీళ్లడగని వస్తువంటే మహా ఇష్టం. అందుకే ఆయన్ని చాటున పచ్చదనం సారు అనేవాళ్లం.

"శనివారం పీకేస్తరంట సారూ. నాలుగొద్దులైతే గింజ పడ్తుండె," అంది పూలక్క, చేతిలో పైపు వదలకుండానే.

నాకు ఒళ్లు పులకరించింది. (ఆవిడ బాధకు కాదు, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. నా రెండు నోటుపుస్తకాలకు పని దొరికినందుకు.) ఫికర్ చేయకు అక్కా, తేనెటీగకు నీ పువ్వు ఎలా కనిపిస్తుందో ఫొటో తీసి శుక్రవారం మేనేజర్ గారికి చూపిస్తాను, చూశాక పీకమన్నా పీకరు అని మాటిచ్చాను. అక్కడితో ఆగకుండా మేనేజర్ గారి దగ్గరికే వెళ్లి, శుక్రవారం నాలుగు గంటలకు రమ్మని పిలిచి మరీ వచ్చాను.

మంగళ, బుధవారాలు గాలి నన్ను ఓ ఆట ఆడుకుంది. ఈ కాంతి సెన్సర్ మీద చాలినంత పడాలంటే రెండు మూడు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచాలి. ఆ రెండు సెకన్లూ పువ్వు తల ఊపుతూనే ఉండేది. ఫొటోల్లో పువ్వు బదులు పొగ వచ్చింది. అప్పుడు నాకో గొప్ప ఆలోచన తట్టింది. మా లాబీ పది అంతస్తుల అద్దాల మేడలో ముందు భాగం. నేల నుంచి పైకప్పు దాకా అద్దమే. ఎండ నిండుగా పడుతుంది, గాలి పిసరంత కూడా రాదు. పూలక్క చేత ఒక మొక్కను కుండీలోకి మార్పించి, గురువారం దాన్ని లాబీలో అద్దం పక్కన పెట్టి, భోజనానికి కూడా వెళ్లకుండా ఫొటోలు తీశాను. అన్నీ నలుపు. రెండు సెకన్లు కాదు, ముప్పై సెకన్లు తెరిచినా నలుపే. లెన్సు తుడిచాను. మిగిలిన రెండు స్క్రూలను అనుమానించాను. చివరికి, కుండీలోకి మార్చినందుకు దిగులుపడి పువ్వు అతినీలలోహితం మానేసి ఉండవచ్చు అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

శుక్రవారం పదకొండున్నరకు పూలక్క వచ్చి, ఏమైంది సారూ అని అడిగింది. ఎండ ఇంత పడుతున్నా కెమెరాకు అందడం లేదని చెప్పాను. ఆవిడ కాసేపు అద్దాన్నీ, రిసెప్షన్ పక్కన కూర్చున్న మీసాల మామనూ చూసింది. మీసాల మామ మా సెక్యూరిటీ గార్డు.

"గీ మామ గేటు కాడ ఉన్నప్పుడు బొగ్గు లెక్కుండె సారూ. లోపటికి మార్చినంక తెల్లగైండు. ఎండ గిదే పడ్తది, కుర్సీ గీ అద్దం పక్కకే ఉంటది." కుడిచేతి గాజులు మోచేతి వైపు నెట్టి, వాటి కింద తెల్లగా మిగిలిన చర్మాన్ని చూపించింది. "మరి నాదేంది గిట్లయింది? అద్దం లోపటికొచ్చే ఎండల ఏందో తక్కువుంది. మీ బుక్కుల రాయలేదా?"

రాసి ఉంది. ఎర్ర సిరాతో రాసి ఉంది, రెండు గీతలతో సహా. లెన్సులోని నాలుగు చిట్టి గాజుముక్కలకు భయపడి ఎర్రగడ్డ అంతా గాలించినవాణ్ణి, పది అంతస్తుల గాజును తెచ్చి పువ్వుకు అడ్డం పెట్టాను. మనిషిని నల్లబరిచేదీ, తేనెటీగకు దారి చూపేదీ ఆ కాంతే. మా మేడకు వేసిన అద్దం దాన్ని దాదాపు పూర్తిగా బయటే ఆపేస్తుంది.

మీసాల మామ నవ్వుకుంటూనే కుండీని బయటికి మోయడానికి ఒక చెయ్యి వేశాడు. క్యాంటీన్ వెనక, గాలికి అడ్డంగా పాత ఫ్లెక్సీ బ్యానరు ఒకటి మామా, స్క్రూడ్రైవర్ చెరోవైపు పట్టుకున్నారు. అయినా పువ్వు ఊగుతుంటే పూలక్క ఎడమవైపు మోకాళ్ల మీద కూర్చుని కాడను పట్టుకుంది. ఊపిరి తియ్యకు అక్కా అన్నాను. నువ్వు మాట్లాడకు సారూ అంది.

నాలుగింటికి మేనేజర్ గారు వచ్చి కెమెరా తెర మీదకు వంగారు. రేకుల చివరలు వెన్నెల్లా వెలుగుతున్నాయి, మొదళ్లు చిక్కటి నలుపు. మనకు ఏకంగా పసుపుగా ఉండే పువ్వులో నల్లటి గుండ్రం, చుట్టూ తెల్లటి అంచు.

"ఇది మన పువ్వేనాండీ?" అన్నారాయన. చాలాసేపు చూశారు. "మన టెర్రస్ మీద హెలిపాడ్ గీసినట్టుందే." తరవాత ఏమనుకున్నారో, పరవబోయే గడ్డి నమూనా ముక్క తెప్పించి దాన్నీ తీయమన్నారు. తీశాను. తెర మీద ఒక మసక నలుపు తప్ప ఏమీ రాలేదు. "దీని మీద దిగడానికి గుర్తే లేదండి పాపం," అని మెల్లిగా అని, ఆ మూల జోలికి వెళ్లొద్దని అప్పుడే ఫోన్లో చెప్పారు. పూలక్క పైపు తీసుకుని కుండీలోని మొక్కను మళ్లీ నేలలో నాటడానికి వెళ్లిపోయింది.

ఫ్యాను వేసిన గ్రంథపాలకుడు గారికి, సోచాయించమన్న ఎర్రగడ్డ పెద్దాయనకి, రెండు స్క్రూల స్క్రూడ్రైవర్‌కి, తెల్లబడి సాక్ష్యం చెప్పిన మీసాల మామకి, వంగి చూసిన పచ్చదనం సారుకి నా కృతజ్ఞతలు. పూలక్కకు విడిగా చెప్పాలి. ఆ మూలలో ఇప్పటికీ ఏటా ఆవిడ గింజలే మొలుస్తున్నాయి. కత్తిరించని ఫొటో మా ఇంట్లో ఉంది. అందులో ఎడమ అంచున కాడను పట్టుకున్న ఒక చెయ్యి, నల్లటి చర్మం మీద గాజులు జరిగిన చోట తెల్లగా వెలిగే ఒక పట్టీ. దాన్ని మాత్రం అద్దం బిగించకుండా గోడకు పెట్టాను. ఈసారైనా గుర్తుంచుకున్నందుకు, అద్దం పక్కన ఆకలితో కూర్చుని పువ్వు దిగులు గురించి రాసుకున్న ఆ కుర్రాడు సంతోషిస్తాడనుకుంటాను.