పదిహేడు లారీలను తిప్పిన టెస్టు

ఒక్క మీట నొక్కి పదిహేడు లారీలను నడిరోడ్డు మీద వెనక్కి తిప్పిన ఘనుడు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి. నేనే.

విజయనగరంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరిన మొదటి ఏడాది అది. సాలూరులో లారీలు తిప్పే మా మేనమామ, తన డ్రైవర్లందరికీ ఒకేసారి మెసేజీ పంపే ప్రోగ్రాం కావాలన్నాడు. అది సరిగ్గా పనిచేస్తేనే నా ఉద్యోగం ఖాయమని ఆఫీసువాళ్ళు చెప్పారు.

రాశాను. అది సరిగా నడుస్తోందో లేదో చూసుకోవడానికి చిన్న చిన్న టెస్టులూ రాశాను. ప్రోగ్రాంతో కలిపి అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టాను. పక్క సీటు సూరిబాబు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"టెస్టులు ప్రోగ్రాంతో కలపకుండా వేరే ప్యాకేజీలో పెట్టు గురూ. క్యారేజీతోపాటు రుచి సూసిన గరిట కూడా పంపుతావేటి?"

"పంపితే ఏటవుతాది? తినీవోడు గరిట తింటాడేటి?" అన్నాను. అప్పట్లో నాకన్నీ తెలుసు.

ఆ టెస్టుల్లో ఒకటి అత్యవసర మెసేజీ: "ఓనరు గారికి సీరియస్. అందరూ వెంటనే సాలూరు రండి." నా కంప్యూటర్లోని జాబితాలో నా నంబరొక్కటే ఉండేది. మావ రోజుకు పదిసార్లు సీరియస్ అయినా కంగారు పడాల్సింది నేనొక్కడినే. పడలేదు.

సాలూరు వెళ్ళి, డ్రైవర్ల నంబర్లు ఎక్కించి, ఒకసారి చూద్దామని ఫోల్డర్లో ఉన్నదంతా నడిపించాను. టెస్టులూ నడిచాయి. అన్నీ పాసయ్యాయి. మావ సంతోషించి టీ తెప్పించాడు.

రెండో టీ తాగుతుండగా మొదటి లారీ వచ్చింది. యాపిల్ పళ్ళ సంచితో దిగిన డ్రైవరు మావను చూసి కొయ్యబారిపోయాడు.

"బాబూ, బాగున్నారేటి?"

"నాకేటి? నువ్వు రాయగడ ఎల్లలేదేటి?"

"మీకు సీరియస్సని మెసేజీ వచ్చినాది. దార్లోనే బండి తిప్పీసాను."

సాయంత్రానికి పదిహేడు లారీలు, పదిహేడు పళ్ళ సంచులు చేరాయి. దారి పొడుగునా ఏడ్చిన ఒకాయన, తన ఏడుపు దండగైందని అలిగాడు కూడా. రానివాడు పద్దెనిమిదో డ్రైవరు ఒక్కడే, మావ సొంత బావమరిది. మావే ఫోను చేశాడు.

"నాకు సీరియస్సంటే రావేటిరా?"

"టమాటాలు కుళ్ళిపోతాయి బావా. నేనొచ్చి ఏటి సేస్తాను, డాక్టర్నా?"

ఆ రోజు సమయానికి చేరిన లోడు అదొక్కటే.

తప్పంతా ఒప్పుకున్నాను. ఉద్యోగం పోయిందనుకున్నాను. మావ మా ఆఫీసుకు ఫోను చేసి, "పనిచేస్తన్నాది. మరీ ఎక్కువ పనిచేస్తన్నాది" అన్నాడు. తర్వాత పళ్ళ సంచులకేసి చూసి, "ఒరే, ఈ టెస్టు ఏడాదికోపాలి పెట్టు" అన్నాడు.

నాలుగేళ్ళ తర్వాత మావకు నిజంగానే సీరియస్ అయింది. అదే మెసేజీ నేనే పంపాను. వరసగా ఫోన్లు.

"టెస్టేనా బాబూ?"

టెస్టు కాదని పదిహేడు సార్లు చెప్పాను. పద్దెనిమిదో ఫోను రాలేదు. అడగకుండా అందరికంటే ముందు వచ్చినవాడు ఆ బావమరిదే. మావ అతన్ని చూసి, "టమాటాలేవిరా?" అన్నాడు. ఆయన మాటల్లో నేను విన్న చివరిది అదే.

అందుచేత కీబోర్డు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. నా టెస్టులు ఎప్పటికీ వేరే ప్యాకేజీలోనే ఉంటాయి. గరిట ఇల్లు దాటదు. ఇకమీదట వాటిలో సీరియస్ అయ్యేది నేనొక్కడినే.