తాత పేరు పెట్టుకున్న ఇద్దరం

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి నడుం వాల్చబోతున్న వేళ, కొరియరు మనిషి తలుపు తట్టి బరువైన పొట్లమొకటి చేతిలో పెట్టి పోయాడు. విప్పి చూస్తే మా అన్న కథలన్నీ కలిపి వేసిన పుస్తకం, తలకింద పెట్టుకుంటే దిండు అక్కర్లేనంత ఉంది. అట్ట మీద మా అన్న ఫోటో, ఫోటో కింద పెద్ద అక్షరాల్లో మా తాత పేరు. మా తాత పేరంటే మా అన్న పేరు, నా పేరు కూడా అదే. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పకపోతే ఈ వయసులో నాకు ఇంత కడుపుమంట ఎందుకో మీకు అర్థం కాదు.

మావైపు మగబిడ్డ పుడితే తాత పేరు పెట్టడం ఆనవాయితీ. మా పెదనాయన తన కొడుక్కు పెట్టుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు నేను పుడితే, ఆ పేరు ఇంట్లో ఒకడికి ఉంది కదా, ఇంకేదైనా చూడమని ఆడవాళ్ళు ఎంత చెప్పినా మా నాయన వినలేదట. "ఆయనకు నాయనైతే నాకు నాయన కాడా?" అని ఒకటే మాట. అందువల్ల ఇంటిపేరు, పేరు, చివరికి ఇంగ్లీషు పొడి అక్షరాలు కూడా తేడా లేకుండా ఇద్దరం తయారయ్యాం. పూతలపట్టు దగ్గరి మా ఊళ్ళో ఆయన పెద్దబ్బి, నేను చిన్నబ్బి కాబట్టి తగువు లేకపోయింది. మా వంటి పేర్ల జంటలు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి. ఒకడు ఇనుప కమ్మీల వ్యాపారం, ఇంకొకడు సేద్యం చేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. మా ఇద్దరికీ కథలు రాసే పిచ్చి పట్టింది.

మా అన్న బంగారుపాళ్యం బడిలో అయ్యవారు, నేను చిత్తూరులో రెవెన్యూ ఆఫీసు గుమాస్తాను. అప్పట్లో చిత్తూరులో రచయితల సంఘమొకటి ఉండేది. సంఘమంటే బోర్డు, గది ఏమీ లేవు. కోర్టు వెనకాల ఒక ప్లీడరు గారి మిద్దె మీద నెలకొకసారి చేరేవాళ్ళం. ఆ ప్లీడరు గారే మాకు పెద్దదిక్కు. మామిడి సీజన్లో మాత్రం సమావేశాలు ఉండేవి కావు, ఎందుకంటే సగంమంది రచయితలు మండీల్లో కాయలు ఎగుమతి చేయించుకునే పనిలో ఉండేవాళ్ళు. మిగతా నెలల్లో వాళ్ళు ఒకరికొకరు చేసిన సాయం తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. చేతిరాత బాగున్నవాడు బాగాలేనివాడి కథ సాపు చేసిపెట్టేవాడు, మద్రాసు పోయేవాడు అందరి కథలూ సంచిలో వేసుకుని పత్రికాఫీసుల చుట్టూ తిరిగి ఇచ్చివచ్చేవాడు, ఒకరి పుస్తకం అచ్చయితే మిగిలినవాళ్ళు కట్టలు కట్టలుగా భుజాన వేసుకుని పీలేరు బస్సూ పలమనేరు బస్సూ ఎక్కేవాళ్ళు. ఎవడి కథ పత్రికలో వచ్చినా ఆ ఆదివారం మిద్దె మీద వాడికి దండ పడాల్సిందే. ఎక్కువ దండలు ఎవరికి పడేవో చెప్పనక్కర్లేదు. దండ తెచ్చే పని నాది, తమ్ముణ్ణి కదా!

మా అన్నను చూసి కుళ్ళుకోవడం నాకు అక్కడే మొదలైంది. ఆయన మెడలో దండ వేసి, చప్పట్లు కొట్టి, కిందికి దిగి బస్టాండు దాకా నడిచేటప్పుడు అందరూ ఆయన చుట్టూ చేరి ఆ ముగింపు ఎట్ల తట్టింది, ఆ ముసలామె ఎవరు అని అడుగుతుంటే, నేను నాలుగడుగులు వెనక నడిచేవాణ్ణి. సభలైతే మరీ ఘోరం. స్వాగతం ఒకరు, అధ్యక్షత ఒకరు, సమీక్ష ఇద్దరు, చివరన వందన సమర్పణ నేను. నేను మైకు దగ్గరికి వచ్చేసరికి జనం చెప్పులు వెతుక్కుంటుండేవాళ్ళు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉండేది. కథను రాసినవాడు చదవకూడదు, వేరొకరు చదవాలి. రాసింది ఎవరో అందరి అభిప్రాయాలూ అయిపోయాకే చెప్పాలి. బంధుత్వమూ మొగమాటమూ చూసి పొగడకుండా ఉండడానికి ప్లీడరు గారు పెట్టిన కట్టుబాటది. ఒక నెల నా కథ చదివారు. మా పిన్ని, అంటే మా నాయనకూ పెదనాయనకూ తమ్ముడి భార్య, సీజన్లో బంగారుపాళ్యం పల్పు ఫ్యాక్టరీలో, గుజ్జు తీయడానికి మామిడికాయలు కోసే పనికి పోయేది. ఇంటికొస్తే చంకలోని బిడ్డ ఆమె వేళ్ళు చప్పరించుకుంటూ నిద్రపోయేవాడు. సీజను ముగిసి చేతికున్న మామిడి వాసన పోయాక వారం రోజులు బిడ్డ ఆమె దగ్గరికి పోనని ఏడ్చాడు. అంతే కథ. "చేతి వాసన" అని పేరు పెట్టాను. చదవడం అయ్యాక ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెడితే నా చెవులు వేడెక్కాయి. అంత మెచ్చుకోలు నా జన్మలో వినలేదు. చివరన రాసిందెవరో చెప్పుకోండి అంటే అందరూ ముక్తకంఠంతో మా అన్న పేరు చెప్పారు. కాదు, చిన్నవాడిదని తెలిశాక ప్లీడరు గారు పడీపడీ నవ్వారు. "పేరు ఒకటే గదప్పా, మేము సెప్పింది తప్పేం గాదులే!" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మా అన్న మాత్రం ఏమీ అనలేదు. మిగిలినవాళ్ళంతా అభిప్రాయం చెప్పారు, ఆయన వంతు వచ్చినప్పుడు కాఫీ గ్లాసు ఊదుకుంటూ తర్వాత చెప్తానన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ "తర్వాత" ఎప్పటికీ రాలేదు. నేనూ నోరు తెరిచి అడగలేదు. ప్లీడరు గారి పొగడ్తా, పత్రిక సంపాదకుడి పొగడ్తా నాకు ఆనలేదు, ఆయనొక్కడి నోట వినాలని ఉండేది.

ఆ కథ వారపత్రికలో అచ్చయింది, మా తాత పేరుతోనే. మరుసటి వారం నుంచి బంగారుపాళ్యం బడికి ఉత్తరాలే ఉత్తరాలు, బస్సులో కనపడినవాళ్ళంతా మా అన్న చెయ్యి పట్టుకుని ఊపడమే. అది తన తమ్ముడిదని ఆయన ఎందరికి చెప్పాడో, ఎందరి దగ్గర ఊరకే నవ్వాడో నాకు తెలియదు. ఈ తికమక ఇట్లా సాగితే ఎట్లాగని సంఘంలో చర్చ పెట్టారు. అప్పటికే ఒక పుస్తకం వేసినవాడు, వయసులో పెద్దవాడు, ఆయన పేరు మార్చుకోమనడం ఏం బాగుంటుంది? కాబట్టి మార్చుకోవాల్సింది నేనే. ఏం పెట్టుకోవాలన్నదీ వాళ్ళే తేల్చారు. మామిడిపండ్లలో అన్నిటికన్నా చివరన వచ్చేది నీలం, మనవాడూ వాళ్ళన్న తర్వాతే వచ్చాడు, "నీలం" అని పెట్టుకోమన్నారు. ఎంతో ప్రేమగానే అన్నారు. ఫ్యాక్టరీలో గుజ్జుకు పోయే తోతాపురి అనలేదు, అదే పదివేలు అనుకుని తల ఊపాను. మా నాయన అంత పట్టుబట్టి పెట్టిన పేరు అట్లా ఆఫీసు రిజిస్టరుకే మిగిలింది.

నీలం పేరుతో చాలానే రాశాను, రెండు పుస్తకాలూ వచ్చాయి. సంఘం వాళ్ళు వాటినీ మోశారు, నాకూ శాలువాలు కప్పారు, లోటు చేశారని చెబితే కళ్ళు పోతాయి. కానీ మా అన్నకు కప్పే శాలువా జరీ అంచుదిగా నా కంటికి కనపడేది. ఉద్యోగం ముగిసి నేను తిరుపతికి మారిపోయినా ఆ చూపు మారలేదు. ఈలోగా ప్లీడరు గారు పోయారు, మిద్దె పోయింది, పాతవాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. ఇప్పుడు తిరుపతిలో కొత్త సంఘం నడిపే పిల్లలు ఎంతో హుషారైనవాళ్ళు. ఎవరికి ఏ బహుమతి వచ్చినా నిమిషాల్లో ఫోన్లో గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు పడతాయి. మా అన్న కథలన్నీ ఒకచోట వేయాలని పూనుకున్నది వాళ్ళే. కార్యదర్శిగా ఉండే అమ్మాయి ఊరూరా గ్రంథాలయాలు తిరిగి, దుమ్ము పట్టిన పత్రికల్లో మా అన్న పేరు కనపడిన ప్రతి కథనూ ఫోన్లో ఫోటో తీసి తెచ్చిందట.

పేరు కనపడిన ప్రతి కథనూ! విషయసూచిక మీద వేలు పెట్టుకుని కిందికి దిగుతుంటే నడిమధ్యన "చేతి వాసన" అని ఉంది. ముందుమాటలో ఆ అమ్మాయి ఈ కథ గురించే ఒక పేజీ రాసింది. కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టయింది నాకు. పేరు తీసుకున్నాడు, దండలు తీసుకున్నాడు, నాకంటూ ఉన్న ఆ ఒక్క కథా ఆయన సంచిలోకే పోయింది. మా ఆవిడ నా మొహం చూసి సంగతి తెలుసుకుని, "నోరుండాది గదా, పోయి సెప్పు. సెప్పకపోతే ఎట్ల తెలస్తాది ఆ బిడ్డకు?" అన్నది. ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. ఆవిష్కరణ సభలో వందన సమర్పణ ఎప్పటిలాగే నాకే పెట్టారు. జనం ముందర మైకులోనే చెబుతానని నిశ్చయించుకున్నాను.

సభ రోజు వదిన మా అన్నను చెయ్యి పట్టి నడిపించుకు వచ్చింది. కొంతకాలంగా ఆయనకు మరుపు ఎక్కువైంది. నన్ను చూడగానే గుర్తుపట్టి, సంతోషంగా, చిన్నాయన బాగుండాడా అని అడిగాడు. మా నాయన పోయి ఎంతో కాలమైంది. బాగున్నాడనే చెప్పాను. వేదిక మీద నన్నూ ఆయన పక్కనే కూర్చోబెట్టారు. కార్యదర్శి అమ్మాయి లేచి మిగతా కథల మీద ఒక్కో మాట చెప్పి, "చేతి వాసన" దగ్గర ఆగిపోయింది. బిడ్డ ఏడ్చే ఆ చివరి భాగం పైకి చదువుతుంటే ముందు వరుసలో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. జిల్లాలో ఇంతకన్నా మంచి కథ రాలేదని ఆమె అన్నప్పుడు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నా కథకు జనం లేచి నిలబడడం నేను చూసింది అదే మొదలు, ఆ చూసినది కూడా మా అన్న పక్కన కూర్చుని.

అప్పుడు మా అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవి దగ్గరికి వంగాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. "ఎంత బాగ రాసినానబ్బా చిన్నబ్బీ! మన పిన్నిని అచ్చం అట్లే దించినాను. ఇంత బాగ రాసిన సంగతి నేనే మర్చిపోయినాను సూడు. ఇదొక్కటి సాలు నాకు" అన్నాడు.

నా పేరు పిలిచారు. మైకు దగ్గరికి పోయి, వచ్చినవారికి, హాలు ఇచ్చినవారికి, పుస్తకం వేసిన పిల్లలకు, దీపాలవాడికి, మైకువాడికి అందరికీ వందనాలు చెప్పి కూర్చున్నాను. ఇంటికి పోయే దారి పొడవునా మా ఆవిడ నన్ను తిడుతూనే ఉంది.

ఇప్పుడు ఎవరికి చెప్పుకున్నా ఏం లాభం? ఆ మిద్దె మీద ఉన్నవాళ్ళు తప్పు చెప్పారే కానీ, చెప్పాక ఎవరిదప్పా ఈ కథ అని అడిగేవాళ్ళు. ఈ పిల్లలు మాకన్నా మంచి పుస్తకాలు వేస్తున్నారు, మాకన్నా ఘనంగా సత్కరిస్తున్నారు, కాకపోతే పేరు అట్ట మీదే ఉంటుంది కాబట్టి ఎవరూ అడగరు. ఆ కథ మీద మా అన్న మాట వినాలని వయసంతా ఎదురుచూశాను. చివరికి నా చెవిలోనే చెప్పాడు. అయినా నా బుద్ధి ఊరుకోవడం లేదు, ఇంకా కుళ్ళుకుంటూనే ఉన్నాను. జరీ శాలువాలకు కాదు. ఆ కథ తనదనుకుని ఆయన పడ్డ సంతోషానికి. రాసిన రోజున నేను కూడా అంత సంతోషపడలేదు.