మేడమ్ గారు ఆపేసిన టేపు

మొన్న ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. మేడమ్ గారు నిద్రలోనే పోయారని వాళ్ల చెల్లెలు చెప్పారు. ఆవిడ దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. చెప్పులు విప్పేసి గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆవిడ విజయవాడ వన్ టౌన్‌లో ఓ కాగితాల గోడౌన్ పైన రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. డెల్టా ఊళ్లలో మామూలు మనుషులు రాసుకున్న ఉత్తరాలు, తీయించుకున్న ఫొటోలు అక్కడ భద్రం చేసేవారు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల బతుకుల్ని టేపుల మీద రికార్డు చేసేవారు. ఫొటోలో ఉన్నదెవరో తెలియకపోతే నేను "గుర్తు తెలియని వ్యక్తి" అని రాసేదాన్ని. ఆవిడ అది చెరిపేసి, పెన్సిల్‌తో "పేరు ఇంకా తెలియదు" అని రాసేవారు.

"అది పేపర్లో శవాలకి రాసే మాట. మనింటికొచ్చినవాళ్లకి రాయకూడదు" అన్నారు ఒకసారి.

ఆ గదుల్లో ఒక్కదాన్నే ఉంటే నాకు భయమేసేది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చాలు, పోయినవాళ్లు చెవి పక్కనే దగ్గుతారు, నవ్వుతారు, వీధిలో ఆడుకుంటున్న మనవణ్ణి కేకేస్తారు. ఆ సంగతి చెబితే మేడమ్ గారు నవ్వలేదు. తనకీ భయమేనన్నారు. ఉత్తరమైనా మాటైనా మనకోసం చెప్పింది కాదు కాబట్టి ఆ మాత్రం భయం ఉండాలన్నారు.

నాలుగేళ్ల కిందట సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎండుచేపలు అమ్ముకుంటుంది. తన చిన్నప్పుడు ఉప్పెన వచ్చిందనీ, అమ్మా తనూ బతికారనీ, తమ్ముడు మాత్రం దొరకలేదనీ చెప్పింది. వాళ్లమ్మ చనిపోయే ముందు మేడమ్ గారితో మాట్లాడిందని ఊళ్లో ఎవరో చెప్పారట. అమ్మ గొంతు ఒక్కసారి వినిపించమని అడిగింది.

మేడమ్ గారు టేపు పెట్టారు. వలలు అల్లడం, చేపలకి ఉప్పు పట్టించడం, పెళ్లినాటి ముచ్చట్లు. కూతురు కళ్లు మూసుకుని వింటోంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచే గాలి ముదిరిందని తల్లి చెప్పడం మొదలుపెట్టగానే మేడమ్ గారు ఆపేశారు.

"తర్వాతేమైందండీ?" అందామె.

టేపు పాడైందని చెబితే సరిపోయేది. నేనైతే అదే చెప్పేదాన్ని.

"ఇంకా ఉందమ్మా" అన్నారు మేడమ్ గారు. "నా కూతురు బతికున్నంత కాలం ఇది ఎవరికీ వినిపించొద్దని మీ అమ్మ నా దగ్గర మాట తీసుకుంది."

ఆమె టేపు రికార్డర్ వంక చూసింది.

"తమ్ముడి చెయ్యి వదిలేసిన సంగతే కదండీ. అమ్మ రెండో చేతిలో ఉన్నది నేనే. చూశాను. చూశానని అమ్మకి ఏనాడూ చెప్పలేదు."

మేడమ్ గారు లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. కాసేపటికి ఆమే తేరుకుని, అమ్మ వద్దంది కాబట్టి అలాగే ఉండనివ్వమంది. తన మాట కూడా రికార్డు చేసి అమ్మ టేపు పక్కనే పెట్టమంది. మేడమ్ గారు కొత్త టేపు తీశారు. నేను తలుపు దగ్గరికేసి బయటికొచ్చాను.

మేడమ్ గారి సమాధి కార్యక్రమానికి ఆమె వచ్చింది. ఈ సంగతి రాయమన్నది ఆమే. తన టేపు నన్ను వినమంది, అమ్మది మాత్రం ముట్టుకోవద్దంది.

నిన్న ఆ గదికి వెళ్లి విన్నాను. ఉప్పెన నీళ్లు వచ్చిన దాకా చెప్పి ఆమె ఆగిపోయింది. ఫ్యాన్ చప్పుడు. కింద వీధిలో తోపుడుబండి వెళ్తున్న చప్పుడు. మేడమ్ గారు ఏమీ అడగలేదు. టేపు అయిపోయిందేమో అనుకుంటుండగా, నా చెవి పక్కనే, "ఇక్కడే ఉన్నానమ్మా. తొందరేం లేదు" అన్నారు.

గబుక్కున తల తిప్పి చూశాను. ఆవిడ కుర్చీ ఖాళీ. టేపులో ఆవిడ ఇంకా ఊపిరి తీసుకుంటూ, జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.