గుట్ట దాటి ఉరికిన పొద్దు

తెలంగాణ వచ్చిన కొత్తలో మా మోత్కూరు చుట్టుపక్కల ఊళ్లలో తెల్లారి లేచి చూస్తే ప్రతి బాట మీదా ఒక పిల్లగాడు ఉరుకుతూ కనిపించేవాడు. కానిస్టేబుల్ కొలువులు పడతాయని ఎవరో అన్నారు, అంతే, ఊళ్లో ఉన్న కాళ్లన్నీ లేచాయి. నేనూ పోలీసునవుదామనుకున్నాను. అనుకోవడంలో నన్ను మించినవాడు లేడు. ఉరకడంలో మాత్రం బడి మైదానంలో అందరికన్నా వెనక నేనే (నా వెనక ఒక మేక ఉండేది, అదీ మేసుకుంటూ వచ్చేది). దోస్తుల నవ్వులు పడలేక ఎవరూ చూడని దారి ఒకటి వెతుక్కున్నాను. పత్తి చేన్ల గట్ల మీదుగా పోయి, బిక్కేరు వాగు ఇసుకలో దిగి, అవతలి ఒడ్డెక్కి, బుద్ధుడి స్తూపాలు కూలి ఉన్న గుట్ట దాకా. ఆ పాత ఇటుకల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుని వెనక్కి మళ్లేవాణ్ణి. గుట్ట దాటి మాత్రం అడుగు వేసేవాణ్ణి కాదు. ఎందుకంటే గుట్ట అవతలి ఊరు మా మేనత్తది.

మేనత్తకూ బాపుకూ మాటల్లేవు. మా అక్క పెళ్లయిన మర్నాడు మాంసం విందులో మామకు నల్లి బొక్క (లోపల మూలుగ ఉండే ఎముక) పడలేదు. మా దిక్కు బావ పళ్లెంలో నల్లి బొక్క పడకపోతే దాన్ని పొరపాటనరు, ఇజ్జత్ తీసుడంటారు. మామ పులుసు కలుపుకుని తింటూనే ఉన్నాడు. అత్తే లేచి, తన పెనిమిటికి బొక్క వెయ్యని ఇంట్లో తనకేం పనని చెప్పి, కలిపిన బువ్వ వదిలేసి నడిచి వెళ్లిపోయింది. బాపు బతిమాలలేదు. తమ్ముడు అక్కను మించిన మొండి. ఆ తర్వాత రాకపోకలు బంద్. రాఖీ పున్నం నాడు మాత్రం బాపు పొద్దంతా ఉత్త చేతిని మాటిమాటికీ తడుముకునేవాడు. ఏమైందని అమ్మ అడిగితే దోమ కుట్టిందనేవాడు.

ఆ పొద్దున కూడా నేను గుట్ట దగ్గరే ఆగేవాణ్ణి. కానీ స్తూపాల కింద ఎవరిదో గొర్ల మంద దిగి ఉంది, మందకు కావలి కుక్కలున్నాయి. నేను ఇటుకల మీద కూర్చోబోయాను, అవి లేచాయి. ఆ రోజు ఉరికినట్టు నేను జన్మలో ఉరకలేదు. అప్పటికే ఒక బూటును వాగు ఇసుక మింగింది. ఒంటి బూటుతో, చెమటతో, నెత్తిన తువ్వాలతో గుట్ట దిగి ఎటు పోతున్నానో చూసుకోకుండా పోయి, సరిగ్గా మా అత్త వాకిట్లో ఆగాను.

అత్త పేడనీళ్లతో సాన్పి చల్లుతోంది. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. చేతి చేతికీ ఫోన్లు వచ్చినా, మా దగ్గర ఆడబిడ్డకు పుట్టింటి చావు కబురు ఫోన్లో చెప్పరు. మనిషే పోవాలి. ఇన్నేళ్ల తర్వాత, తెల్లారకముందే, తమ్ముడి కొడుకు ఒంటి బూటుతో ఉరికొచ్చి వాకిట్లో నిలబడితే ఆమె ఏమనుకోవాలి?

"మా తమ్మునికేమన్న అయిందా బిడ్డా?" అంది.

మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి రొప్పుతుంటే, రొప్పుకు తగ్గట్టు తల కిందికీ మీదికీ ఊగుతోంది. పైగా కుక్కలు వస్తున్నాయని చేత్తో మా ఊరి దిక్కే చూపించాను. అత్త చేతిలోని బొక్కెన జారి పడింది. ఆమె ఏడుపుకు వాడ వాడంతా లేచింది. నాకు ఊపిరి తిరిగేసరికి మామ తన ఆటో బయటికి తీశాడు, వెనక అత్తా పక్కింటి ఆడవాళ్లూ ఎక్కారు, నన్ను ముందు మామ పక్కన కుక్కారు. కాదని చెప్పబోతే, తండ్రి లేని పిల్లగాడివి, మాట్లాడి అలిసిపోకని ఎవరో నా నోరు కొంగుతో తుడిచారు.

వెనక అత్త రాగం తీసి ఏడుస్తోంది. ఒక్క బొక్క కోసం నిన్ను ఇడిసిపెడితినే తమ్మీ, రాఖీ కట్టని చేతులతోటి నీ మొకం ఎట్ల జూడాలె తమ్మీ అంటోంది. వినలేకపోయాను. వాగు దగ్గరికి వచ్చాక మామ చెవిలో చెప్పేశాను. "మామా, బాపు మంచిగనే ఉండు. నన్ను కుక్కలు తరిమినయ్."

మామ ఒక్క క్షణం ఆటో నెమ్మది చేశాడు. వెనక్కి ఒకసారి చూశాడు. తర్వాత ముందుకన్నా జోరుగా పోనిచ్చాడు.

"సప్పుడు జెయ్యకు అల్లుడా. ఇప్పుడు జెప్తే మీ అత్త బండి ఎనక్కి మలపమంటది" అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్లీ తనే అన్నాడు. "నాకు నల్లి బొక్క నమలనీకె పండ్లేడున్నయ్‌రా? నన్నెవరన్న అడిగిన్రా?"

బాపు అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. అత్త కళ్లనిండా నీళ్లు, ముందున్నది ఎవరో చూసుకోలేదు. పోయి ఆయన మీదనే పడి, "నా తమ్ముడు పోయిండే" అని ఏడ్చింది. బాపు ఏమనుకున్నాడో ఏమో, అక్క ఇంట్లోనే ఎవరో పోయారనుకుని, నోట్లో పుల్లతోనే ఆమెను పట్టుకుని అంతకన్నా గట్టిగా ఏడ్చాడు. చచ్చిపోయినవాడు ఏడుస్తున్నాడని ముందుగా పక్కింటి ఆడవాళ్లే కనిపెట్టారు. అత్త తలెత్తి బాపు ముఖం చూసింది, తడిమి చూసింది, చూశాక ఒక్కటి చరిచింది. రెండోది నాకు పడింది. మామకు మాత్రం ఏమీ పడలేదు, ఆయన అప్పటికే ఆటో చాటున బీడీ ముట్టించాడు.

ఆ రోజు మా ఇంట్లో యాట తెగింది. బాపు తనే వడ్డించాడు. ఉన్న నల్లి బొక్కలన్నీ మామ పళ్లెంలోనే. మామ వాటిని చూసి, నన్ను చూసి, దండం పెట్టినంత పని చేశాడు. అత్త తన చీర అంచు నుంచి దారం తెంపి బాపు చేతికి కట్టింది. బాపు ఆ చేతితో ఇంకెవరికీ వడ్డించకుండా పొద్దుగూకేదాకా దాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు.

నాకు కొలువు రాలేదు (పరుగులో నా వెనక ఈసారి మేక కూడా లేదు, కుక్కలు అసలే లేవు). ఇప్పుడు నకిరేకల్‌లో విత్తనాల దుకాణం పెట్టుకున్నాను, నాకన్నా ముందు నా పొట్ట గడప దాటుతుంది. అప్పుడప్పుడు అత్తను చూడబుద్ధయి ఆ దారినే పోతాను. గుట్ట దగ్గర బండి ఆపి, స్తూపాలకు ఒక చూపు విసిరి, అత్త బెదరకూడదని అక్కడి నుంచి మెల్లగా నడిచి పోతాను. అత్తకు ఇప్పుడు చూపు ఆనదు, అయినా వాకిట్లో నిలబడి నా నడకను పోల్చుకుంటుంది. నేను నోరు తెరవకముందే తనే అడుగుతుంది.

"గింత మెల్లగొస్తున్నవేంది బిడ్డా, బాపు మంచిగున్నడా?"