అల్ రువైస్ క్యాంపులో చూసిన పాత ఇంగ్లీషు సినిమా

ఖతార్ ఉత్తరం కొసన ఉన్న అల్ రువైస్‌కు జనం సముద్రం చూడటానికి, చేపలు కొనడానికి వెళ్తారు. నేను వెళ్లింది ఒక పెళ్లికొడుకును చూడటానికి. ప్రపంచ కప్ కోసం దోహా అంతా తవ్విపోసి ఉన్న రోజులవి. జగిత్యాల దగ్గర మా ఊళ్లో రైస్ మిల్లు నడిపే చిన్నాయన ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. ఆయన కూతురు మమత, కాలేజీ బస్సులో పరిచయమైన నరేష్‌నే చేసుకుంటానని ఏడాదిగా పట్టుబట్టింది. నరేష్ తల్లి బీడీలు చుడుతుంది. చిన్నాయనకు అది మింగుడు పడలేదు గానీ, అబ్బాయి గల్ఫ్‌లో ఫోర్‌మన్ అయ్యాడని విని కాస్త మెత్తబడ్డాడు. "నువ్వు దుబాయ్‌లనే ఉంటివి గదరా సీనూ. ఓసారి పోయి పిలగాన్ని చూసిరా. ఫోర్‌మన్ అయితే ముహూర్తం పెట్టిస్త. కాకుంటే ఈ ముచ్చట ఇక్కడ్నే బంద్" అన్నాడు. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఇదంతా దుబాయే. మా వైపు ఇది మామూలు సంగతి. గల్ఫ్ సంబంధమంటే గల్ఫ్‌లో ఉన్న చుట్టం వెళ్లి చూడాలి, అతను చెప్పిందే ఖాయం. ఆఫీసులో ఫైళ్లు సర్దుకునే నాకు ఆ పెద్దరికం బాగానే నచ్చింది.

శుక్రవారం పొద్దున ఏడున్నరకు దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని మా గది నుంచి బయలుదేరాను. చేపల కోసం రువైస్ వెళ్లే కరీంనగర్ యూసుఫ్ భాయ్ కారులో రానుపోను అరవై రియాళ్లకు మాట్లాడుకున్నాను. నూట పది కిలోమీటర్ల పైచిలుకు, దారి నేరుగా ఉత్తరానికి. ఊరు దాటాక రెండు వైపులా బూడిదరంగు నేల తప్ప ఏమీ కనిపించదు. మధ్యలో బంకు దగ్గర ఆగి టీ తాగాం. నేను వెళ్తున్న పని విని యూసుఫ్ భాయ్ నవ్వాడు. "ఒక్కలే పోతున్నరా భాయ్? మా దాంట్ల గిట్లాంటి పనికి పది మంది పోతరు, ఖానా తిని మరీ వస్తరు" అన్నాడు. తొమ్మిదింబావుకు రువైస్ చేరాం. రేవులో పడవలు, వలలు, ఎండకు వాలిపోయిన కొన్ని దుకాణాలు, అంతే ఊరు. జుమ్మా నమాజు వేళకు అన్నీ మూసేస్తారు కాబట్టి తినాల్సింది పదకొండు లోపే తినేయాలి.

నరేష్ ఉండే లేబర్ క్యాంప్ ఊరికి బయట ఉంది. గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి పంపారు. గదిలో రెండేసి చొప్పున ఒకదాని మీద ఒకటిగా పది మంచాలు, వాటి మధ్య తాడు మీద ఆరని బట్టలు, చెమటా ఉల్లిపాయలూ కలిసిన వాసన. నరేష్ ఎదురొచ్చి తన మంచం మీద కొత్త దుప్పటి పరిచి కూర్చోబెట్టాడు. గుడ్ల పులుసు అప్పటికే వండి ఉంచాడు. ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు కోసిన గీతలు అతని వేళ్ల నిండా ఉన్నాయి. నేను అడగకముందే చెప్పేశాడు.

"అన్నా, నేను ఫోర్‌మన్ గాదు. స్టేడియం కాడ స్టీల్ కడుతుంటి, ఇప్పుడు ఈడ కడుతున్న. ఫోర్‌మన్ అని చెప్పుమన్నది మమతనే. ఆమెకు అంతా ఎరుకే. ఈ గది గూడ వీడియో కాల్‌ల చూసింది. కావాలంటే ఫోన్ చేసి అడుగుండ్రి."

దొరికిపోయిన ప్రతివాడూ ఇదే చెబుతాడు కదా అనుకున్నాను. తల ఊపి భోజనానికి లేచాను.

భోజనాలయ్యాక అతను ఫోన్‌లో ఒక సినిమా పెట్టాడు. ఎప్పటిదో నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా, లండన్ వాళ్లది. మమతే పంపిందట. కింద వచ్చే అక్షరాలను ఆపి ఆపి చదువుకుంటూ గదిలో అందరూ నాలుగు శుక్రవారాలు చూశారట. జమీందారు కూతురు తోటమాలి కొడుకును ప్రేమిస్తుంది. వాడు బ్యాంకు ఆఫీసరని ఇంట్లో చెబుతుంది. నిజం తేల్చుకు రమ్మని ఇంటివాళ్లు ఒక ముసలి అత్తను పంపుతారు. ఆమె పెద్ద టోపీ పెట్టుకుని పేడకుప్పల మధ్య నడిచి, వాడి తల్లి ఇచ్చిన టీ తాగి, ఇంటికెళ్లి "అబ్బాయి చాలా పద్ధతైనవాడు" అని ఒక్క మాట చెప్పి కేకు తింటూ కూర్చుంటుంది. ఆ చోట గదంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. "మీరు గా అత్త లెక్కనే వచ్చిండ్రు అన్నా, టోపీ ఒక్కటే తక్కువ" అన్నాడు నరేష్. అతను కూడా నవ్వుతున్నాడు గానీ కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి.

మూడు గంటలకు తిరుగు ప్రయాణం. "ఏమైంది?" అన్నాడు యూసుఫ్ భాయ్.

"ఫోర్‌మన్ కాదట."

"ఆద్మీ ఎసొంటోడు?"

"మంచివాడే."

"మరింకేంది, అయిపాయె గదా" అని ఆయన రేడియో పెట్టుకున్నాడు.

నాకు అంతటితో అయిపోలేదు. అబద్ధం నా నోట రాదని నాకో గొప్ప ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు నన్ను నడిపింది నిజాయితీ కాదు. మా చిన్నాయన మిల్లు, మమత చదువు, ఆ తాడు మీది బట్టలు, ఇవి పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకే చిన్నతనంగా అనిపించింది. గదికి చేరగానే చిన్నాయనకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పది మంచాలు, స్టీల్ పని, బట్టల తాడు. గుడ్ల పులుసు గురించి చెప్పలేదు. మమతకు తెలుసన్న మాట కూడా చెప్పలేదు. వారం తిరక్కుండా సంబంధం తెగింది.

మమత ఒక్కసారే ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు. "నిన్ను నిజం ఎవరడిగిండ్రు అన్నా? అది నాకు ఎరుకైన ముచ్చటనే గదా. బాపు మెత్తబడేదాక రెండు నెలలు ఆగితే ఏం పోయేది?" అని పెట్టేసింది. నరేష్ కంపెనీ మారాడని తర్వాత విన్నాను. మమతకు ఆ ఏడే వేరే చోట పెళ్లి చేశారు. పెళ్లికి వెళ్తే నా కాళ్లకు మొక్కింది గానీ నాతో మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడదు. మిల్లు వైపు నుంచి చూసినా, మంచం వైపు నుంచి చూసినా ఆ ఇద్దరి మధ్య అడ్డం ఏమీ లేదు, నేను తప్ప. ఆ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

రువైస్ వెళ్లాలంటే చలికాలంలో, శుక్రవారం కాకుండా వెళ్లండి. ఎవరైనా మిమ్మల్ని కూడా అబ్బాయిని చూసి రమ్మని పంపితే, కారు ఎక్కేముందు అమ్మాయికి ఒక్క ఫోన్ చేయండి. మమత నంబరు ఆ రోజు నా ఫోన్‌లోనే ఉంది.