బిగించనన్న చుడీదారు

విజయనగరంలో మా వీధి చివర మిషను కుట్టే టైలరమ్మ కిందటి నెల పోయింది. కబురు తెచ్చింది ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. నేను చేతిలో పని వదలకుండా "అలాగా" అన్నాను. ఆవిడ ఎదురుపడుతుందని రెండేళ్ళుగా బజారుకి చుట్టు తిరిగి వెళ్తున్నదాన్ని, ఇంకేమంటాను?

ముడిలో పెన్సిలు, మెడలో టేపు. కొలతలు తీసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేది కాదు. మా అమ్మాయి మొదటి గౌను నుంచీ ప్రతి కొలతా ఆవిడ నోటు పుస్తకంలో ఉండేది. తొందరపెట్టేవాళ్ళకి ఒకటే మాట: "గుడ్డ కొయ్యకముందు ఎంతైనా ఆలోసించు. కోసేసినాక ఏడిస్తే ఏటి లాభం?"

మా అమ్మాయికి పదకొండో ఏట షుగరు బయటపడింది. రోజూ ఇన్సులిన్ తప్పదన్నారు. రేపు సంబంధాలకి అడ్డమని, ఎవరి కంటా పడకుండా తలుపేసుకుని సూది వేసుకోమని నేర్పింది నేనే. కాస్త ఒళ్ళు చేస్తే, "ఎలా ఉండేదానివి, ఎలా అయిపోయావు!" అన్నదీ నేనే. సూది మానేస్తే తిన్నది ఒంటికి పట్టదని, చిక్కిపోతామని దానికి తెలిసిపోయింది. ఆ తలుపు వెనక ఒక్కో పూట మానేయడం మొదలుపెట్టింది. పదో తరగతిలో అది సన్నబడితే నేను మురిసిపోయాను. తల్చుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

చుడీదారు నడుం దగ్గర బిగించమని, అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని పట్టుకెళ్ళాను. టైలరమ్మ కొలిచింది, పుస్తకం తిరగేసింది, మళ్ళీ కొలిచింది.

"ఓలమ్మా, రెండు నెలల్లో మూడు పాలి బిగించినాను. పిల్ల సన్నబడతన్నాది కాదు, తరిగిపోతన్నాది. నీళ్ళు సూడు, ఎలా తాగేత్తన్నాదో. డాక్టరుకి సూపించు."

"మీరు బిగించండి చాలు. ఆరాలు మీకెందుకు?"

"బిగించను. ముందు సూపించు."

చుడీదారు లాక్కుని వచ్చేశాను. ఆవిడకి కళ్ళు కనబడ్డం లేదని, కుట్టు పాడైందని వీధంతా చాటాను. పది రోజులకి పిల్ల వాంతులతో, ఆయాసంతో స్పృహ తప్పింది. చావు తప్పింది. ఆసుపత్రిలో నన్ను బయటికి పంపాక డాక్టరమ్మకి అంతా చెప్పుకుందట. నాతో చెప్పుకోలేకపోయింది.

టైలరమ్మ చూడడానికి వచ్చింది. నేనన్న మాటలు ఆవిడ చెవిన పడే ఉంటాయి. "పిల్ల ఏటి తింతన్నాది?" అని మాత్రం అడిగింది. క్షమించమనడానికి నాకు నోరు రాలేదు. తర్వాత రెండేళ్ళు గడిచినా రాలేదు.

ఆవిడ పెద్దకర్మ భోజనాలకి అమ్మాయీ నేనూ వెళ్ళాం. విస్తరి ముందు కూర్చోగానే అమ్మాయి బ్యాగులోంచి ఇన్సులిన్ పెన్ను తీసింది. వీధి ఆడవాళ్ళంతా చూస్తున్నారు. నా చెయ్యి దానంతటదే కొంగు లాగి అడ్డం పట్టింది.

"కొంగు తియ్యమ్మా," అంది.

తీశాను.

"ఏటమ్మా అది?" వడ్డిస్తున్న టైలరమ్మ కోడలు ఆగి అడిగింది.

"నాకు షుగరు, వదినా. సన్నబడాలని ఈ సూది మానేశాను. ఏదో తేడాగా ఉందని ముందు కనిపెట్టింది మీ అత్తే."

కోడలు నా వైపు చూసింది. నేను తల వంచుకుని ముద్ద కలిపాను. అమ్మాయి పప్పు కలుపుకుని తింది. ఇంకాస్త అన్నం పెట్టమని అడిగి తింది. నా ముద్ద నా చేతిలోనే ఉంది.