తేరు ముందు గోపమ్మ బిందె

గోపమ్మ చేతులు ఊరుకోవు. ఎవరింట్లో పెళ్లయినా పిలవకముందే పొయ్యి దగ్గర ఆమే ఉంటుంది. బోనాలనాడు అందరికంటే ముందు ఆమె గొంతే లేస్తుంది. మేళ్లచెరువు పక్కన సిమెంటు దుమ్ము పడే ఆ పల్లెలో ఆమెను చూసి నవ్వనివాళ్లూ లేరు, ఆమె లేకుండా శుభకార్యం చేసినవాళ్లూ లేరు.

అలాంటి మనిషిని మరియమాత తేరు పండుగకు తన పుట్టింటికి రమ్మని పిలిచిందే గానీ, రూతమ్మకు ఆ క్షణం నుంచే దడ పట్టుకుంది. మిరపతోటల్లో కలిసి కూలి చేస్తూ తలలు నెరిసిన నేస్తాలు వాళ్లిద్దరూ. రూతమ్మ ఏటా గోపమ్మ బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగింది. గోపమ్మ మాత్రం రూతమ్మ పండుగ ఒక్కటీ చూడలేదు. చూపించాలని రూతమ్మకెంతో ఆశ. కానీ పండుగ పెద్ద ఆమె అన్న ఇస్రాయేలే. "కొత్తోళ్లను తెస్తున్నవ్, ఏం గడబిడ కావొద్దు" అని ముందే హెచ్చరించాడు.

రూతమ్మ బస్సులోనే పాఠం మొదలుపెట్టింది. "కొబ్బరికాయ కొట్టొద్దు, పసుపుకుంకుమ చల్లొద్దు. చెప్పులిడిసి, కొంగు నెత్తిమీద కప్పుకొని మా ఎనుక నడువు. గంతే. నా ఇజ్జత్ నీ చేతిల ఉన్నది గోపమ్మా."

"నేనేమన్న చిన్నపిల్లనా?" అంటూనే గోపమ్మ సంచిలోంచి కొబ్బరికాయ తీసి ఆమె ఒడిలో పెట్టింది.

మే నెల. పొద్దు వాలుతున్నా కొత్త తారు రోడ్డు సెగలు కక్కుతూనే ఉంది. పూలతో ముంచేసిన తేరు మీద మరియమాతను నిలిపి, మొక్కుకున్న మగవాళ్లు ఉత్తకాళ్లతో భుజాలకెత్తుకున్నారు. వెనుక ఆడవాళ్లు మరియమాత పాట అందుకున్నారు. ముందు వైపు మోతకర్ర కింద ఇస్రాయేలు. గోపమ్మ చెప్పినట్టే కొంగు కప్పుకుని, నోరు మెదపకుండా నడిచింది. ఆ తల్లి చంకలో పసిబిడ్డను చూసేసరికి కళ్లు చెమర్చాయి. ఎవరి దేవతయితేనేం, బిడ్డను మోస్తున్న తల్లే కదా అనుకుని దండం పెట్టుకుంది.

తారు మీదికి రాగానే తేరు నడక తప్పింది. ఇస్రాయేలు పాదం ఆనించలేక మునివేళ్ల మీద నడుస్తున్నాడు. తేరు ఓ పక్కకు ఒరిగింది. మొక్కు గనుక మధ్యలో దించడానికి లేదు.

గోపమ్మకు ఇక వేరే ఏదీ గుర్తు లేదు. బోనమెత్తినవాళ్లు వాకిట్లోకొస్తే కాళ్ల మీద నీళ్లు పోయకుండా పంపే ఊరు కాదు ఆమెది. పక్కింటి నల్లా కింద నిండిన బిందెను చంకనెత్తుకుని తేరు ముందుకు ఉరికి, ఇస్రాయేలు పాదాల మీద గుమ్మరించింది.

పాట ఆగిపోయింది.

"ఏందమ్మా గిది? బోనాల జాతర అనుకున్నవా?" అని ఓ పెద్దమనిషి కసిరాడు.

రూతమ్మ ముఖం తెల్లబోయింది. గోపమ్మ ఖాళీ బిందెతో బిక్కచచ్చి నిలబడింది. ఇంతగా చెప్పించుకుని వచ్చి, నేస్తం పరువు నడిరోడ్డు మీద తీశానే అనుకుంది.

ఇస్రాయేలు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత పాదాలు రెండూ తడి నేల మీద నిండుగా ఆనించాడు.

"ఆగినవెందుకు చెల్లె? ఇంకింత పొయ్యి. పానం లేసొచ్చింది. ఎనుకోళ్లకు గూడ పొయ్యి."

ముందు కదిలింది రూతమ్మే. ఎదురింట్లోంచి బకెట్ తెచ్చింది. ఆ తర్వాత వీధి వీధంతా బిందెలతో, చెంబులతో బయటికొచ్చింది. కసిరిన పెద్దమనిషే పక్కకు జరిగి ఆడవాళ్లకు దారిచ్చాడు. తేరు నిటారుగా నిలిచింది. ఆగిన పాట మళ్లీ లేచింది. గోపమ్మకు ఆ పాట రాదు, అయినా "మరియా" అన్న చోటల్లా ఆమె గొంతే అందరికంటే పైన వినిపించింది. తేరు మరియమాత గుడి చేరి గంటలు మోగేదాకా దారంతా తడుస్తూనే ఉంది. రూతమ్మ నవ్వుతూ ఏడ్చింది.

మరుసటి మే నెలలో గోపమ్మకు ఫోన్ వచ్చింది. చేసింది రూతమ్మ కాదు, ఇస్రాయేలు.

"చెల్లె, తేరు సిద్ధమైంది. నువ్వు రాంది ఎత్తం."

గోపమ్మ చింతపండుతో మెరిసేలా తోమిన తన ఇత్తడి బిందెను చంకనెత్తుకుని బస్సెక్కింది. ఆ ఏడు ఆమె తేరు వెనుక నడవలేదు, ముందు నడిచింది.